చల్లారని పరుపు

కెనడాలో, ఒషావా ఊళ్ళో చదువుకునే మన పిల్లల్ని ఎవర్నైనా అడిగి చూడండి. కాలేజీ బస్సు పోయే దారిలో మూతపడ్డ చర్చి ఒకటుంది. దాని పక్క సందులో ఎడమచేతి వైపు చివరి ఇల్లు. ఆ ఇంటి బేస్‌మెంట్‌లో, మెట్ల వెనక ఉన్న గది పేరెత్తండి. నవ్వుతున్న పిల్లాడు నవ్వు ఆపేస్తాడు.

"అక్కడి పరుపు చల్లారేది కాదు అంకుల్" అంటాడు.

ఇంకేం చెప్పడు.

గజ్జెల చప్పుడు లేదు. తెల్లచీర లేదు. ఏడుపు లేదు. ఉన్నదల్లా నేల మీద ఒక పరుపు, ఒక దుప్పటి, ఒక దిండు. మనిషి లేచి ఎంతసేపైనా కానీ... చెయ్యి పెడితే వెచ్చగా తగిలేది. అంతే దెయ్యం. అంత చిన్న దెయ్యానికి అంతంత కుర్రాళ్ళు ఎందుకు వణికారో, విన్నది విన్నట్టు చెప్తున్నాను.

అది 2023. మన పిల్లలు విమానాల నిండా వచ్చి దిగుతున్న రోజులు. కాలేజీలు రమ్మన్నాయి. ఏజెంట్లు పదమన్నారు. వచ్చినవాడు ఎక్కడ పడుకుంటాడని మాత్రం ఒక్కడూ అడగలేదు! సామాను పెట్టుకునే చోట మనుషుల్ని పెట్టారు. ఆ బేస్‌మెంట్‌లో పదకొండుమంది. పరుపులు ఆరు. ఇంటి ఓనరు మిల్టన్‌లో ఎక్కడో ఉంటాడు, ఇటు తొంగి చూడడు. అన్నీ చూసుకునేది కోదండరామ్ అనే సీనియర్. రెండేళ్ళు ముందు వచ్చినవాడు. అందరికీ "అన్న".

అన్న పెట్టిన పద్ధతి ఒకటుంది. పరుపుకి ఇద్దరు. పగలు పనికి పోయేవాడిది రాత్రి, రాత్రి పనికి పోయేవాడిది పగలు.

"ఎవడి టైమ్‌లో వాడు. ఇంకొకడి టైమ్‌లో గదిలో అడుగు పెట్టొద్దు. నిద్ర చెడితే పని చెడుతుంది" అనేవాడు.

వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఒకే పరుపు మీద నెలల తరబడి పడుకునే ఇద్దరు ఒకరి మొహం ఒకరు చూడరు. ఆలోచించండి... అసలు భయం అక్కడే ఉంది.

మెట్ల వెనక గది మహీధర్‌దీ, పండుదీ. మహీధర్‌ది ప్రొద్దుటూరు. పొద్దున ఆరున్నరకి వెళ్ళి, క్లాసులూ సూపర్‌మార్కెట్‌లో పనీ ముగించుకుని సాయంత్రం ఆరింటికి వచ్చేవాడు. పండుది జగిత్యాల పక్క పల్లె. సాయంత్రం ఐదింటికి వ్యాన్ ఎక్కి ఏజాక్స్‌లో గోడౌన్‌కి పోయి, పొద్దున ఏడింటికి వచ్చేవాడు.

ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నది ఒక్క రోజు. సెప్టెంబరులో, పరుపు తెచ్చిన రోజు. పండు ఫోనులో దిక్సూచి పెట్టుకుని ఆ ఇరుకు గదిలో గుండ్రంగా తిరిగాడు.

"ఏం వెతుకుతున్నావురా?" అన్నాడు మహీధర్.

"ఉత్తరం దిక్కు. అటు తల పెట్టి పండొద్దని మా అమ్మ ఒట్టేయించుకుంది."

దక్షిణం వైపు కిటికీ. దాని సందులోంచి గాలి కత్తిలా వస్తుంది. అయినా దిండు అటే పెట్టాడు. సందులో తువ్వాలు కుక్కాడు. ఆ రోజే మహీధర్ చూశాడు — పండు నీలం జాకెట్ మోచేతికి ఆకుపచ్చ దారంతో వేసిన పెద్ద అతుకు. "అమ్మ కుట్టింది. ఊళ్ళో నల్లదారం దొరకలేదట" అని నవ్వాడు పండు.

ఆ తర్వాత కలిసింది లేదు. కానీ ఇద్దరి మధ్యా చెప్పుకోని మర్యాద ఒకటి పెరిగింది. లేచినవాడు దుప్పటిని దిండు దాకా నిండుగా కప్పి వెళ్ళేవాడు. ఒంటి వేడి చెదరకుండా లోపలే ఉంటుందని. ఆరింటికి మహీధర్ చెయ్యి పెడితే, గంట కింద లేచిన పండు వెచ్చదనం ఇంకా ఉండేది. చలిలో బస్సు కోసం నిలబడి వచ్చినవాడికి అది ఎంతో! ఒక్కోసారి గూట్లో డబ్బా ఉండేది. పెరుగన్నం, మూత మీద నిమ్మకాయ ముక్క. మహీధర్ తిని, డబ్బా కడిగి, అందులో రెండు అరటిపళ్ళు పెట్టి పోయేవాడు.

అలా మూడు నెలలు.

డిసెంబరు మొదట్లో డబ్బా ఆగిపోయింది. మహీధర్ పట్టించుకోలేదు. పరీక్షలు. పరుపు మాత్రం వెచ్చగానే ఉంది.

అప్పుడు వచ్చింది శాంతమ్మ ఫోను. పండు తల్లి. కొడుకు ఎప్పుడో ఇచ్చిన నంబరు దాచుకుంది.

"బిడ్డా, పండు ఫోన్ ఆఫ్ వస్తున్నది. నాలుగొద్దులైంది. మంచిగున్నడా?"

"ఉన్నాడు ఆంటీ. ఇప్పుడే పనికి వెళ్ళాడు. పరుపు ఇంకా వెచ్చగా ఉంది" అన్నాడు మహీధర్. నమ్మే అన్నాడు. "ఫోను పాడైందేమో. చెప్తాను."

చీటీ రాసి దిండు కింద పెట్టాడు. *అమ్మకి ఫోన్ చెయ్యరా.* మర్నాడు చీటీ లేదు. సరే, చూసుకున్నాడనుకున్నాడు.

నాలుగు రోజులకి మళ్ళీ ఆమె.

"చెయ్యలే బిడ్డా. మా మరిది పోలీసు కంప్లైంటు ఇద్దామంటున్నడు. అక్కడి మనోళ్ల ఎంబసీకి రాద్దామంటున్నడు. ఇయ్యాల్నా? నువ్వు చెప్పు. నువ్వు మొఖం చూసినవా?"

మహీధర్ వంటింటి వైపు చూశాడు. పోలీసంటే... పదకొండుమంది, ఆరు పరుపులు... కోదండరామ్ మొహం కళ్ళ ముందు మెదిలింది.

"చూశాను ఆంటీ" అన్నాడు.

ఆ ఒక్క మాటతో ఆమె కంప్లైంటు ఆపింది. గుర్తు పెట్టుకోండి. కొడుకు ఉన్నాడో లేడో తెలియని తల్లి ఒక పిల్లాడి మాట పట్టుకుని చేతులు కట్టుకు కూర్చుంది.

మహీధర్ చదువు సప్లై చైన్. బయటి సబ్జెక్టు ఒకటి తప్పనిసరి. అతని పని వేళలకి కుదిరింది మంగళవారం క్లాసు ఒక్కటే — పాతకాలపు ఇంగ్లండ్ చరిత్ర. రెండు టర్ములది. ఇద్దరిద్దరికి ఒక రాజును పంచారు. మహీధర్‌కీ, విజయవాడ అమ్మాయి మృదులకీ రెండో ఎడ్వర్డ్ వచ్చాడు. జనవరి రెండో వారం ప్రెజెంటేషన్.

"అంతమంది రాజులుంటే మనకి ఓడిపోయినవాడే దొరికాడా!" అంది మృదుల.

ఆ ఎడ్వర్డ్ తండ్రి వేల్స్‌ని గెలిచిన భీకరుడు. కొడుకు బలశాలే, అందగాడే. ధ్యాస మాత్రం వేరు. గుంటలు తవ్వేవాడట. ఇళ్ళకి గడ్డి కప్పేవాడట. కూలీలతో కలిసి పడవ నడిపేవాడట. ఇవా రాజు చేసే పనులని దొరలు వెక్కిరించారు. ఇది చదివినప్పుడు, అరలు సర్ది సర్ది చేతులు పగిలిన మహీధర్‌కి ఆ రాజు మీద ఎందుకో జాలి పుట్టింది.

గావెస్టన్ అనే నేస్తాన్ని నెత్తిన పెట్టుకున్నాడని, దొరలు ఆ నేస్తాన్ని పట్టుకుని చంపేశారు. బానక్‌బర్న్‌లో స్కాట్లండ్ సేన చేతిలో చిత్తుగా ఓడి పారిపోయాడు. మరుసటి ఏడు వానలు పట్టుకుని పంటలు కుళ్ళాయి, జనం ఆకలికి రాలిపోయారు. రాజేమన్నా నేర్చుకున్నాడా? లేదు. ఇంకో ఇష్టుణ్ణి చేరదీశాడు. ఎదురు తిరిగిన దొరల తలలు తీయించాడు. చివరికి కట్టుకున్న భార్య ఇసబెల్లా, మోర్టిమర్ అనే దొరతో చేతులు కలిపి, సముద్రం దాటి సైన్యంతో వచ్చింది. 1327లో కిరీటం తీసి పద్నాలుగేళ్ళ కొడుక్కి పెట్టారు. ఈయన్ని బర్క్‌లీ కోటలో మూశారు. ఆ సెప్టెంబరులో కబురు — రాజు పోయాడు.

"ఇక్కడ విను మహీ" అంది మృదుల, లైబ్రరీలో గొంతు తగ్గించి. "శవాన్ని చూడమని పెద్దమనుషుల్ని పిలిచారు. వాళ్ళు చూశారు. ఎలా? పైపైన. అప్పటివాడే రాశాడు ఆ మాట. ఊరేగింపులో జనానికి చూపించింది రాజుని కాదు. చెక్కబొమ్మ! బొమ్మకి రాజు వేషం వేసి చూపించారు. అందరూ రాజుని చూశామనుకుని ఇంటికెళ్ళారు."

"అయితే?"

"అయితే ఏంటి? మూడేళ్ళకి సవతి తమ్ముడు ఎడ్మండ్ చెవిలో ఎవరో ఊదారు. మీ అన్న బతికే ఉన్నాడు, కార్ఫ్ కోటలో దాచారని. వెళ్ళినవాళ్ళకి దూరం నుంచి, దీపాల వెలుగులో భోజనం చేస్తున్న పొడుగాటి మనిషిని చూపించారట. అదిగో అన్నారు. నమ్మేశారు. ఎడ్మండ్ అన్నకి లేఖ రాశాడు. ఆ లేఖ పట్టుకుని రాజద్రోహమని తల నరికేశారు. పోయాడన్నవాళ్ళూ మొహం చూడలేదు. ఉన్నాడన్నవాళ్ళూ మొహం చూడలేదు."

మహీధర్ పుస్తకం మూశాడు. తను దిండు కింద పెట్టిన చీటీ గుర్తొచ్చింది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, బూట్లు విప్పకుండా గదిలోకి వెళ్ళాడు. లైటు వేశాడు.

దిండు ఉత్తరం వైపు ఉంది.

పొద్దున తను దక్షిణం వైపు పెట్టి వెళ్ళాడు. దుప్పటి కప్పి వెళ్ళాడు. ఇప్పుడు దిండు అటు చివర... మధ్యలో తల ఒత్తుకున్న గుంట. చెయ్యి పెట్టాడు. వెచ్చగా ఉంది.

తల్లికి ఒట్టేసినవాడు, చలిగాలికి మొహం ఒప్పజెప్పి దిక్కు తప్పనివాడు... ఇటు తల పెడతాడా?

దిండు తిప్పుకుని పడుకున్నాడు. నిద్ర రాలేదు. మర్నాడు సాయంత్రం మళ్ళీ ఉత్తరానికే. ఆ మర్నాడూ అంతే.

అడగడం మొదలుపెట్టాడు. కోదండరామ్ వంటగట్టు దగ్గర ఉల్లిపాయలు తరుగుతున్నాడు.

"అన్నా, పండుని చూశావా?"

"నిన్ననే చూశా. పనికి పోతుంటే."

"మొహం చూశావా?"

"ఏం ప్రశ్న అది తమ్ముడూ? జాకెట్ చూశా. మోచేతికి అతుకు. ఇంకెవడిది అలాంటి జాకెట్?"

పక్క పరుపువాడిని అడిగాడు. జాకెట్ చూశాడు. సింకు దగ్గర గడ్డం గీసుకుంటున్నవాడు వెనక నుంచి చూశాడు. బాత్రూమ్ బయట నిలబడ్డవాడు టోపీ కప్పుకుని వెళ్తుంటే చూశాడు. తొమ్మిది మంది. తొమ్మిదిమందీ చూశారు. ఒక్కడూ మొహం చూడలేదు!

"నీ టైమ్‌లో నువ్వుండు మహీ" అన్నాడు కోదండరామ్, కత్తి పక్కన పెట్టి. గొంతు మెత్తగానే ఉంది. "వాడి టైమ్‌లో తలుపు తియ్యకు. చెప్పానా లేదా?"

ఇందులో ఏదో ఉంది అనుకున్నాడు మహీధర్. కానీ ఏది?

మృదులకి చెప్పాడు. నవ్వుతుందనుకున్నాడు. ఆమె నవ్వలేదు. కాగితం ఒకటి తీసింది.

"దొరికింది నిన్ననే. కొన్నేళ్ళ తర్వాత ఇటలీ పాదిరీ ఒకడు రాశాడు. రాజు చావలేదట. చంపడానికి వస్తున్నారని నౌకరు ముందే చెప్పాడట. రాజు బట్టలు మార్చుకుని, మసక చీకట్లో వాకిలి దాకా వచ్చాడు. నిద్రపోతున్న కాపలావాడిని చంపి తాళాలు తీసుకుని పోయాడు. ఆ కాపలావాడి శవాన్నే రాజుదని పెట్టెలో పెట్టి పంపారట. నిజమో అబద్ధమో ఇప్పటికీ తేలలేదు. కానీ మహీ..." ఆమె కాగితం మడిచింది. "నీ పండు జాకెట్‌లో ఎవరున్నారు?"

"నువ్వు భయపెట్టకు మృదులా."

"నేను కాదు భయపెట్టింది. వాళ్ళమ్మకి చూశానని చెప్పింది నువ్వు. ఆ పెద్దమనుషుల్లా సాక్ష్యం చెప్పావు. వెళ్ళి మొహం చూసి రా."

"మంగళవారం తప్ప సాయంత్రం ఖాళీ లేదు నాకు. ఆ రోజు మన ప్రెజెంటేషన్."

"నేనొక్కదాన్నే చెప్తాలే. నీ రాజు సంగతి నువ్వు చూసుకో."

మంగళవారం. జనవరిలో ఒషావా సంగతి తెలిసినవాళ్ళకి తెలుసు. నాలుగున్నరకే వెలుగు పోతుంది. మంచు నీలంగా మారుతుంది. వీధిదీపాలు వెలిగీ వెలగనట్టు ఉంటాయి.

మహీధర్ చర్చి గోడ పక్కన నిలబడ్డాడు. చేతులు జేబుల్లో. కళ్ళు బేస్‌మెంట్ తలుపు మీద.

ఐదుకి పది నిమిషాలు.

తలుపు కిర్రుమంది.

నీలం జాకెట్. తల మీద జాకెట్ టోపీ బిగించుకుని, భుజాలు వంచి... మెట్లెక్కి వచ్చింది ఆకారం. మోచేతికి ఆకుపచ్చ అతుకు, దీపం కింద ఒక్కసారి మెరిసింది.

"పండూ!"

ఆకారం ఆగలేదు. వెనక్కి తిరగలేదు.

"ఒరే పండూ, నేనురా, మహీని!"

అడుగులు పెరిగాయి. మహీధర్ వెంటబడ్డాడు. మంచు కింద ఐసు. కాలు జారింది, లేచాడు. చర్చి పార్కింగులో, తెల్లటి నేల మధ్యలో, జాకెట్ అందింది. చేత్తో పట్టి గుంజాడు. టోపీ జారిపోయింది.

పండు కాదు.

పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ళ పిల్లాడు. మీసం కూడా సరిగ్గా రాలేదు. పళ్ళు కొట్టుకుంటున్నాయి.

"కొట్టకన్నా... నేనేం చెయ్యలేదు. కోదండన్న వేసుకోమన్నాడు."

"ఎవడ్రా నువ్వు? పండేడీ?"

"తనీష్ నా పేరు. పండన్నని నేను చూడనే లేదు. నేను వచ్చేసరికే వెళ్ళిపోయాడు. డిసెంబరులో. ఏదో కాగితం వచ్చిందట కాలేజీ నుంచి. నాకు పని చేసే పర్మిషన్ లేదన్నా. జాకెటూ, గోడౌన్ కార్డూ, పరుపూ ఇచ్చి, పండులా పోయి పండులా రమ్మన్నాడు. ఎవరితో మాట్లాడొద్దన్నాడు."

మహీధర్‌కి ఒళ్ళు మండింది, ఇంకోవైపు గుండె తేలికపడింది. దెయ్యం కాదు. మోసం. మనుషులు చేసే మామూలు మోసం.

"దిండు కింద చీటీ తీసింది నువ్వేనా?"

"నేనే. అన్నకిచ్చేశా."

"మరి దిండు అటు తిప్పుతావేంట్రా రోజూ? మీ ఇంట్లో చెప్పలేదా అటు తల పెట్టకూడదని?"

తనీష్ అతని వంక చూశాడు.

"అది తిప్పేది నువ్వనుకున్నా" అన్నాడు మెల్లగా.

"నేనా?"

"పొద్దున వచ్చి నేను దక్షిణానికే పడుకునేవాణ్ణి. లేచేసరికి నా తల కింద దిండుండేది కాదు. అటు చివర ఉండేది. పక్కన ఎవరో... ఒత్తుకుని పడుకున్నట్టు..." జాకెట్ మెడ దాకా లాక్కున్నాడు. "పది రోజులైందన్నా నేనా గదిలోకి వెళ్ళి. బట్టలుతికే గదిలో, మిషన్ వెనక పడుకుంటున్నా. ఆ పరుపు నేను ముట్టుకోవట్లేదు."

పది రోజులు. ఆ పది రోజులూ సాయంత్రం ఆరింటికి మహీధర్ చెయ్యి పెట్టాడు. పది రోజులూ వెచ్చగానే ఉంది.

ఇద్దరూ పరుగెత్తారు. మెట్లు దిగి, వంటింట్లో వాళ్ళని తోసుకుని, గది తలుపు తోశారు. లైటు వేశారు.

పొద్దున ఆరున్నర తర్వాత మనిషి అడుగుపెట్టని గది. కిటికీ సందులోంచి గాలి. సీసాలో నీళ్ళ మీద పలచటి ఐసు.

దిండు ఉత్తరం వైపు.

మహీధర్ వంగి చెయ్యి పెట్టాడు. తీశాడు. మళ్ళీ పెట్టాడు.

"నువ్వు పెట్టు" అన్నాడు.

తనీష్ పెట్టలేదు. గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు.

మహీధర్ అక్కడే, ఆ పరుపు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని జగిత్యాలకి ఫోను చేశాడు. అక్కడ ఇంకా తెల్లవారలేదు. ఒక్క రింగుకే ఎత్తింది.

"ఆంటీ... నేను పండుని చూడలేదు. అబద్ధం చెప్పాను. డిసెంబరు నుంచి ఎవరూ చూడలేదు."

అటు నుంచి ఆమె మంచం మీద లేచి కూర్చున్న చప్పుడు.

"కంప్లైంటు ఇవ్వండి. ఇక్కడ నేనిస్తాను" అన్నాడు.

"అన్ని దినాలు..." అంది ఆమె. "అన్ని దినాలు నీ మాట మీదనే అన్నం తిన్న బిడ్డా."

తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

కోదండరామ్ తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. "తమ్ముడూ, ఆలోచించు. పోలీసు ఈ మెట్లు దిగితే సిటీ కార్పొరేషన్ వాళ్ళూ దిగుతారు. పదకొండుమంది మంచులో పడతారు. ఇదిగో, ఈ పిల్లాణ్ణి మొదటి విమానం ఎక్కిస్తారు. ఒక్కడి కోసమా?"

"ఆ ఒక్కడు నా పరుపువాడు" అన్నాడు మహీధర్. "పక్కకి జరుగు అన్నా."

జరగలేదు. అప్పుడు వెనక నుంచి ఒకడు వచ్చి మహీధర్ పక్కన నిలబడ్డాడు. జాకెట్ చూశానన్నవాడే. తర్వాత ఇంకొకడు. కోదండరామ్ జరిగాడు.

క్లాసు ముగించుకుని మృదుల నేరుగా పోలీసు స్టేషన్‌కే వచ్చింది. "నీ రాజు పోయాడా, ఉన్నాడా?" అని అడగలేదు. కాఫీ చేతిలో పెట్టి పక్కన కూర్చుంది.

కోదండరామ్ చెప్పినట్టే అయింది. తర్వాతి బుధవారం పొద్దున్నే సిటీ ఇన్‌స్పెక్టర్లు వచ్చి బేస్‌మెంట్ ఖాళీ చేయించారు. పదకొండుమంది పదకొండు దిక్కులకి పోయారు. తనీష్ మృదుల వాళ్ళ హాల్లో సోఫా మీద. పిల్లల్ని బయట పడేయడానికి ఒక్క పూట పట్టింది. లోపల కుక్కినప్పుడు చూడ్డానికి ఏడాది కూడా చాలలేదు! సరే, అది వేరే కోపం.

ఆ వారం రోజులూ ఎవరు వద్దన్నా మహీధర్ ఆ పరుపు మీదే పడుకున్నాడు. దిండు దక్షిణానికి పెట్టుకునేవాడు. పొద్దున లేస్తూ దుప్పటి నిండుగా కప్పేవాడు. ఎవరి కోసమని ఎవరూ అడగలేదు. బుధవారం ఒక్కరోజు కప్పలేదు. పొద్దున్నే లేపి, పరుపు చుట్టబెట్టి, వీధిలో చెత్త బండికి వేసేశారు.

శుక్రవారం పోలీసులకి పండు దొరికాడు.

బతికే ఉన్నాడు. లేక్ ఈరీ ఒడ్డున టమాటా గ్రీన్‌హౌస్‌లో, రాత్రిపూట డబ్బాలు సర్దే పనిలో. రాత్రంతా పని, పగలంతా నిద్ర — అటెండెన్సు పోయింది, కాలేజీ పేరు కొట్టేసింది, పర్మిట్ పోయింది. తల్లికి ఏం చెప్పాలో తెలియక ఫోను ఆపేశాడు. రేపు చెప్తా, రేపు చెప్తా అనుకుంటూ నెలన్నర. జాకెట్ కోసమైనా వెనక్కి రమ్మని ఎవరైనా పిలుస్తారని, దాన్ని గదిలోనే వదిలేసి పోయాడట.

మృదుల ఇంట్లో ఫోను గోడకి ఆనించి వీడియో కలిపారు. ఒక పక్క పండు, ఒక పక్క శాంతమ్మ.

"మొఖం ఇటు తిప్పు బిడ్డా" అంది ఆమె. "చీకట్ల వద్దు. వెలుగుల పెట్టు. ఇంకొంచెం. ఆ... గడ్డం తీస్కోలే?"

అంతే అడిగింది. చాలాసేపు చూసింది. పర్మిట్ సంగతి, చదువు సంగతి ఒక్క ముక్క ఎత్తలేదు. "అన్నం తిను" అని పెట్టేసింది.

పండు కళ్ళు తుడుచుకున్నాడు. "మహీ, ఒక మాట అడగాలి. నవ్వొద్దు."

"అడగరా."

"ఇక్కడ మాది పెద్ద రేకుల షెడ్డు. ఇనప మంచాలు. నేలకి బోల్టులేసి బిగించిన్రు, తల ఉత్తరం దిక్కే. తిప్పనీకి లేదు. అమ్మకి చెప్పకు. పొద్దున ఏడింటికి వచ్చి పడుకుంట, ఐదింటికి లేస్త."

మహీధర్ ఫోనుకి దగ్గరగా జరిగాడు.

"నా మంచం నా ఒక్కడిదే. ఎవనితోని షేరింగ్ లేదు. మిగతా మంచాలన్నీ ఐసుగడ్డలు. నాది మాత్రం... నేను వచ్చేసరికి దుప్పటి నిండుగా కప్పి ఉండేది. లోపల వెచ్చగా. ఎవరో అప్పుడే లేచి పోయినట్టు. రోజూ! ఎవర్నడిగినా మేం కాదంటరు. ఆ వేడే నన్ను బతికించింది మహీ..."

"ఊఁ" అన్నాడు మహీధర్.

"మొన్నటిసంది చల్లగైంది. ఎంత కప్పుకున్నా వెచ్చబడదు." పండు ఫోనుని మొహానికి దగ్గరగా తెచ్చుకుని గొంతు తగ్గించాడు.

"బుధవారం పొద్దున అక్కడ ఏం జరిగింది మహీ?"